బోరు బండి దగ్గర భూగోళం పాఠం

కడపలో వంటింటి గట్టు మీద నిమ్మకాయ కోసి తుడవకుండా వదిలేస్తే కాసేపటికి ఆ నల్లరాయి మీద తెల్లటి మచ్చ పడుతుంది. మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప అది పోదని ఇంట్లో అందరికీ తెలుసు. అదే ఇంట్లో హైస్కూల్లో చదివే పిల్ల 'సున్నపురాయి అవక్షేప శిల, ఆమ్లాలతో చర్య జరుపుతుంది' అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటుంది. గట్టు మీది నల్లరాయి కూడా సున్నపురాయేనని, దాని మీద మచ్చ, పరీక్షలో జవాబు రెండూ ఒకటేనని ఆ పిల్లకు బడిలో ఎవరూ చెప్పరు. ఇంట్లో చెప్పగలిగినవాళ్లు ఉండరు.

ఈ ఎడం పూడ్చడానికి ప్రపంచంలో చాలాచోట్ల కొన్ని దశాబ్దాలుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. విద్యారంగంలో దీన్ని ప్లేస్-బేస్డ్ టీచింగ్ అంటారు. తెలుగులో స్థలాధారిత బోధన అనుకోవచ్చు. భూవిజ్ఞానంలో దీని గురించి ఎక్కువగా రాసినవాళ్లలో స్టీవెన్ సెమ్‌కెన్ ఒకరు. అమెరికాలో నవాజో జాతి సొంతంగా నడుపుకునే డినే కాలేజీలో ఆయన చాలా ఏళ్లు భూగర్భ శాస్త్రం చెప్పి, తర్వాత అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లారు. నవాజో పిల్లలకు ఆ కొండలు, లోయలు తాతముత్తాతల కథల్లోవి, మొక్కుల్లోవి. పాఠ్యపుస్తకమేమో వాటిని ఊరూ పేరూ లేని రాళ్లుగా చూపించేది. 2005లో ఆయన రాసిన వ్యాసంలో ముఖ్యమైన మాట ఇది: ఒక చోటు మీద మనుషులకు ఉండే మమకారం, ఆ చోటుకు వాళ్లు ఇచ్చుకున్న అర్థాలు కూడా పాఠంలో భాగం కావాలి. వాటిని బయట వదిలి రమ్మంటే పిల్లవాడు సగం మనసుతోనే క్లాసులోకి వస్తాడు.

మన దగ్గర ఈ మాట వినగానే 'స్థానిక ఉదాహరణలు ఇవ్వండి' అని సర్క్యులర్ తయారవుతుంది. అవక్షేప శిలలకు ఉదాహరణ పక్కన 'కడప రాళ్లు' అని ఇంకో మాట చేరుస్తారు. పిల్లవాడికి బట్టీ పట్టాల్సింది ఒకటి పెరుగుతుంది, అంతే. స్థలాధారిత బోధన పని మొదలయ్యేది ఇంకోచోట. ఆ ఊరివాళ్లు ఆ రాయి గురించి, నీళ్ల గురించి ఇప్పటికే ఏమనుకుంటున్నారో అక్కడ మొదలుపెట్టాలి. తర్వాత ఆ అనుకున్నదాన్ని పరీక్షకు పెట్టడం పిల్లలకు నేర్పాలి. ఈ పనికి ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలంత అనువైన చోట్లు దేశంలో ఎక్కువ లేవు.

బస్సు కిటికీలోంచి

అనంతపురం నుంచి కడప వైపు బస్సులో వెళ్తుంటే మొదట కనిపించేవన్నీ గుండ్రాళ్ల గుట్టలే. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి. పొరలనేవి ఉండవు. ఇవి గ్రానైట్, గ్రానైట్ జాతి రాళ్లు, వయసు 250 కోట్ల ఏళ్ల చుట్టుపక్కల. కొంత దూరం పోయాక గుట్టల ఆకారం మారిపోతుంది. ఒకవైపు నిటారుగా తెగి, రెండోవైపు ఏటవాలుగా దిగే బారైన కొండలు వస్తాయి. పక్కనుంచి చూస్తే గీతలు గీసినట్టు పొరలు కనిపిస్తాయి. ఇక్కడి నుంచి కడప బేసిన్. దాదాపు 44 వేల చదరపు కిలోమీటర్ల మేర, నెలవంక ఆకారంలో, ఒకప్పుడు సముద్రం నిలిచిన పల్లం. గ్రానైట్ నేల కోట్ల ఏళ్లు ఎండకు, వానకు అరిగాక దాని మీదికి నీళ్లు వచ్చి ఇసుక, సున్నం, బురద పొరలు పొరలుగా దిగాయి.

గుండ్రాళ్లు ఆగి పొరల కొండలు మొదలయ్యే ఆ హద్దు భూచరిత్రలో పెద్ద ఖాళీ. పుస్తకంలోంచి ఎన్నో పేజీలు చిరిగిపోయిన చోటు లాంటిది. దీని తోబుట్టువు తిరుమల ఘాట్ రోడ్డులో ఉంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. కొండకు వెళ్లే భక్తుల్లో వెయ్యికి ఒక్కరైనా అటు తల తిప్పి చూస్తారో లేదో అనుమానమే. అది వాళ్ల తప్పేం కాదు. ఏం చూడాలో ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు.

ఈ పొరల మీద మొదటి సమగ్ర నివేదిక 1872లో వచ్చింది. రాసింది జియలాజికల్ సర్వేలో పనిచేసిన విలియం కింగ్. పొరలకు ఆ రోజుల్లో మొదలై తర్వాత స్థిరపడ్డ పేర్లు చూస్తే ఆర్టీసీ బస్టాండులో బోర్డు చదువుతున్నట్టే ఉంటుంది: వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, బనగానపల్లె, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. అన్నిటికన్నా అడుగున ఉన్న పొరకు పెట్టిన పేరు గువ్వలచెరువుది. ఘాట్ దగ్గర బస్సాపి జనం పాలకోవా కొనుక్కునే ఊరే అది. ప్రపంచంలో ఎక్కడ కడప బేసిన్ గురించి చదివినా ఈ ఊళ్ల పేర్లు రాక తప్పదు. పాణ్యంలో చదివే పిల్లవాడికి ఈ సంగతి తెలియకుండానే పదో తరగతి అయిపోతుంది. భూగర్భ శాస్త్రంలో తమ ఊరి పేరు ఉందని తెలిసిన పిల్లలు మిగతా పాఠం వినే తీరు వేరుగా ఉంటుందని అనుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

మేకు, నిమ్మకాయ

బడిలో ల్యాబు లేదన్నది తరచూ వినిపించే మాట. రాళ్ల విషయంలో అది అంతగా చెల్లదు. ఈ మూడు జిల్లాల్లో బడి అరుగు, మెట్లు, చాలాచోట్ల వరండా నేల కూడా నాపరాయే, అంటే సున్నపురాయే. దాని మీద ఇనుప మేకుతో గీస్తే గీత పడుతుంది. గ్రౌండ్‌లో దొరికే తెల్లటి పలుగురాయి మీద అదే మేకుతో గీస్తే రాయికి ఏమీ కాదు, మేకే అరిగి బూడిదరంగు చార మిగులుతుంది. సున్నపురాయి మెత్తన, పలుగురాయి గట్టిదన్న విషయం పిల్లల చేతికే తెలిసిపోతుంది. తర్వాత రెండు రాళ్లనూ కాస్త పొడి కొట్టి నిమ్మరసం పిండితే ఒకటి సన్నగా బుసబుస పొంగుతుంది, రెండోది తడిసి ఊరుకుంటుంది.

అసలు పాఠం ఇక్కడ చిక్కులో పడుతుంది, పడటమే మేలు. వేంపల్లె వైపు నుంచి ఒక పిల్లవాడు తెచ్చిన రాయి చూడటానికి సున్నపురాయిలాగే ఉంటుంది, మేకు గీత పడుతుంది, నిమ్మరసం చుక్క వేస్తే మాత్రం పొంగదు. క్లాసు మొత్తం తలో మాట అంటుంది. ఆ రాయి డోలమైట్ కావచ్చు. అందులో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది కాబట్టి ఆమ్లానికి నెమ్మదిగా లొంగుతుంది. మెత్తగా పొడి చేసి కాస్త ఘాటైన ఆమ్లం వేస్తే అప్పుడు పొంగుతుంది. పుస్తకంలో ఒక్క వాక్యంగా ఉన్న నియమం చేతిలో ఉన్న రాయి దగ్గర తేడా కొడితే పిల్లలు ఆలోచించడం మొదలుపెడతారు. ఉదాహరణ ఎప్పుడూ తేడా కొట్టదు, ఎందుకంటే దాన్ని ఏరి పెట్టి ఉంటారు. ఊరి రాయి అలా ఏరి పెట్టింది కాదు.

వేంపల్లె రాళ్లలో ఇంకో విశేషం ఉంది. కొన్నిచోట్ల వాటిలో గోపురాల్లా ఉబ్బిన సన్నటి పొరలు, కోస్తే ఉల్లిపాయ చక్రాల్లాంటి గీతలు కనిపిస్తాయి. వీటిని స్ట్రొమాటొలైట్లు అంటారు. లోతు తక్కువ సముద్రంలో పెరిగిన సూక్ష్మజీవుల చాపలు సున్నాన్ని పట్టి ఉంచడంతో ఏర్పడ్డవి. పుస్తకంలో శిలాజం అంటే డైనోసార్ బొమ్మో, చేప ముద్రో ఉంటుంది. ఇక్కడి పిల్లలు ఆ బొమ్మ పట్టుకుని ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే ఈ రాళ్లు పుట్టేనాటికి చేపలే పుట్టలేదు. తమ దగ్గర శిలాజాలు లేవనుకుని వెనుదిరుగుతారు. ఉన్న శిలాజాలేమో గోడలో రాయిగా, పొలం గట్టుగా పడి ఉంటాయి.

యాగంటి బసవన్న

యాగంటి నంది పెరుగుతోందన్న నమ్మకం రాయలసీమలో తెలియనివాళ్లు లేరు. కలియుగాంతంలో బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం చెబుతుందని పెద్దలంటారు. సైన్సు క్లాసులో ఈ మాట వస్తే ఉపాధ్యాయులు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. నవ్వి కొట్టిపారేస్తారు, లేదా గొడవెందుకని మాట మార్చేస్తారు. మొదటి పనితో పిల్లవాడికి అమ్మమ్మ మాట మూఢనమ్మకం అయిపోతుంది, రెండో పనితో సైన్సు బడి గోడల వరకే పనికొచ్చే విషయం అయిపోతుంది.

మూడో దారి ఉంది. 'పెరుగుతోందా లేదా అని తేల్చాలంటే ఏం కొలవాలి?' అని అడగడం. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి? టేపు చాలుతుందా? ఎండకు రాయి వ్యాకోచిస్తే ఆ తేడాను ఎలా తీసేయాలి? ఎన్నేళ్లు కొలవాలి? పాత కొలతలంటూ ఎవరైనా చెబితే అవి ఎవరు, దేనితో తీసినవి? జవాబు ఉపాధ్యాయుడు చెప్పనక్కర్లేదు. పద్ధతి పిల్లలే కట్టుకుంటే, కొలత లేకుండా అవుననడమూ కాదనడమూ రెండూ తొందరపాటేనని వాళ్లకు తెలుస్తుంది.

పైగా రాయి నిజంగానే పెరిగే చోటు అక్కడికి దగ్గర్లోనే ఉంది. కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాళ్లు, నేల నుంచి లేచిన దిబ్బలు నీటి చుక్క చుక్కకూ పేరుకున్న సున్నమే. వాన నీళ్లు గాలి నుంచి, నేల నుంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పల్చటి ఆమ్లమై సున్నపురాయిని కరిగిస్తాయి. ఆ నీళ్లు గుహలోకి దిగి, వాయువు ఎగిరిపోగానే కరిగిన సున్నం మళ్లీ రాయిగా కూర్చుంటుంది. వంటగట్టు మీద నిమ్మకాయ మచ్చ, బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర, బెలూంలో వేలాడే రాయి మూడూ ఇదే రసాయనం. బెలూం గుహల గురించి 1884లో రాసినవాడు బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఈ గుహలు ఇప్పుడు పర్యాటక స్థలం, లోపల రంగురంగుల లైట్లున్నాయి. స్కూలు ట్రిప్పులు వస్తాయి, గ్రూప్ ఫోటో దిగి వెళ్లిపోతాయి.

ఎన్ని ఇంచులు పడ్డాయి?

రాయలసీమలో భూవిజ్ఞానం పిల్లలకు ఎందుకు కావాలంటే మొదటి జవాబు గుహలూ వజ్రాలూ కాదు, బోరు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని అనంతపురం నేలలో ఒక బోరు ఫెయిలైతే ఇల్లు అప్పులపాలవుతుంది. నాలుగైదు ఫెయిలైతే ఏం జరుగుతుందో ఆ జిల్లా వార్తలు చాలాసార్లు చెప్పాయి. ఇంట్లో ఇంత పెద్ద నిర్ణయం భూమి లోపలి సంగతి మీద ఆధారపడి ఉంటే, బడిలో భూగర్భ జలాల పాఠం ఒక పేజీ, కింద నాలుగు ఖాళీలు.

బోరు బండి ఊళ్లోకి వచ్చిన రోజు అసలైన క్లాసు జరగవచ్చు. కంప్రెసర్ గాలికి కిందినుంచి రాతిపొడి ఎగజిమ్ముతూ ఉంటుంది. మొదట ఎర్రమట్టి. తర్వాత గోధుమరంగు గరుసు, అందులో మెరిసే అభ్రకం తునకలు. ఆ తర్వాత గట్టి రాయి తగిలి బూడిదరంగు పొడి మొదలవుతుంది. ఆ రంగు మారకుండా వందల అడుగులు సాగితే పొలం యజమాని ముఖం వాడిపోతుంది. మధ్యలో ఒక్కసారిగా పొడి రంగు మారి, తుప్పు పట్టినట్టున్న ముక్కలు వస్తే అక్కడ బండలో పగులు ఉందని, అందులో ఎప్పుడో నీళ్లు తిరిగాయని అర్థం. ఇంకాసేపటికి దుమ్ము ఆగి బురద వస్తుంది. బోరు నీటి ధారను ఊళ్లో ఇంచుల్లోనే చెబుతారు కాబట్టి అప్పుడు అందరూ అడిగే మాట ఒకటే: ఎన్ని ఇంచులు పడ్డాయి?

రాడ్డు మార్చినప్పుడల్లా గుప్పెడు పొడి కాగితం పొట్లంలో కట్టి, మీద ఎన్ని అడుగులో రాస్తే చాలు. బోరు పూర్తయ్యేసరికి ఆ పొట్లాలు వరసగా పేర్చితే ఆ చోట భూమి లోపలి చరిత్ర బల్ల మీద ఉంటుంది. ఇంజనీర్లు డ్రిల్ లాగ్ అనేది దీన్నే. ఊళ్లో పది బోర్లకు ఇలా చేసి, బోర్లను ఊరి పటం మీద చుక్కలుగా పెడితే గరుసు పొర ఎటు మందంగా ఉంది, ఎటు పలచబడింది, ఏ వరసలో నీళ్లు పడ్డాయి అన్నవి కనబడతాయి. ఒకచోట పొడి నల్లగా వచ్చిందంటే అది డోలరైట్ గోడ కావచ్చు. అనంతపురం నేలలో గ్రానైట్‌ను చీల్చుకుని ఇలాంటి నల్లరాతి గోడలు మైళ్ల కొద్దీ పోతాయి, కొన్నిచోట్ల గట్లలా బయటికి కూడా కనిపిస్తాయి. అవి భూమి లోపల నీటి దారికి అడ్డుకట్టగా నిలవొచ్చు. అలాంటిచోట గోడకు ఎగువన ఉన్న బోరుకు నీళ్లుంటాయి, దిగువ పొలం ఎండుతుంది. ఇద్దరు అన్నదమ్ముల పొలాల మధ్య ఇలా జరిగితే ఊళ్లో రకరకాల మాటలు పుడతాయి. అసలు కారణం నేల కింది రాయి కావచ్చు.

గట్టి గ్రానైట్‌లో నీళ్లు నిలిచేది పై గరుసులోనూ, దాని కింది పగుళ్లలోనూ. లోతు పెరిగేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. 800 అడుగుల దాకా వెళ్లి కూడా 'ఇంకో రెండు రాడ్లు దించు' అనే ఆశ చాలాసార్లు జూదమే. ఈ ఒక్క విషయం ఊళ్లో ప్రతి ఇంట్లో ఒక్కరికైనా పక్కాగా తెలిస్తే మిగిలే డబ్బు తక్కువేమీ కాదు. లోతు నీళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. గ్రానైట్ ఖనిజాల్లోంచి ఫ్లోరైడ్ ఆ నీళ్లలోకి దిగుతుంది. పళ్ల మీద గోధుమ మచ్చలు ఎందుకొస్తాయో అడగడానికి ఈ జిల్లాల్లో కొన్ని ఊళ్ల పిల్లలకు అద్దం చాలు.

ఇక పాయింటు చూసేవాళ్ల, అంటే బోరు ఎక్కడ వేయాలో చెప్పేవాళ్ల సంగతి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవాళ్లు, వేపపుల్ల పట్టుకునేవాళ్లు, మిషన్ తెచ్చే 'జియాలజిస్టు' ముగ్గురూ ఇక్కడ మార్కెట్లో ఉన్నారు. ఎవరు సరో క్లాసులో తీర్పు చెప్పడం కన్నా పిల్లల చేత లెక్క తీయించడం మంచిది. ఊళ్లో ప్రతి బోరుకూ పాయింటు ఎవరు చూశారు, ఎంత లోతు వేశారు, నీళ్లు పడ్డాయా, రెండేళ్ల తర్వాత ఉన్నాయా. 'కొబ్బరికాయ నిలబడ్డ చోట నీళ్లు పడ్డాయి' అని చెప్పేవాళ్లు పడని చోట్ల గురించి చెప్పరు. ఆ చోట్లు కూడా లెక్కలోకి వచ్చాక వచ్చే అంకె ఏదైనా సరే, దాన్ని రైతు వింటాడు, ఎందుకంటే అది తన ఊరి అంకె.

ఇది ఊహ మాత్రమే కాదు, పెద్దవాళ్లతో జరిగిన పనే. 2000ల దశకంలో ఏపీ ఫార్మర్ మేనేజ్డ్ గ్రౌండ్‌వాటర్ సిస్టమ్స్ అనే ప్రాజెక్టు ఏడు కరువు జిల్లాల్లో, 638 ఊళ్లలో నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి అండగా ఉంది. ఈ మూడు జిల్లాలూ అందులో ఉన్నాయి. వానమాపకంలో వాన, పరిశీలన బోర్లలో నీటిమట్టం రైతులే కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఈ ఏడు భూమిలో ఎంత నీరు ఉంది, ఏ పంటకు ఎంత కావాలి అని లెక్క కట్టుకున్నారు. వరి వేయొద్దని పైనుంచి ఆంక్ష లేదు. లెక్క అందరి ముందూ ఉండేది, నిర్ణయం ఎవరికి వాళ్లదే. పెద్దగా చదువుకోని రైతులు కూడా నీటిమట్టం గ్రాఫు చదవగలిగారు. భూవిజ్ఞానం నేర్పడంలో మన ప్రాంతం నుంచి ప్రపంచానికి చెప్పుకోదగ్గ ప్రయోగం ఇది. బడి పుస్తకాల్లోకి కూడా అది రావాలి.

ఏడు సెంటీమీటర్ల బూడిద

భూవిజ్ఞానంలో పిల్లలకు అన్నిటికన్నా కష్టమైనది కాలం. కోటి ఏళ్లకూ వంద కోట్ల ఏళ్లకూ మనసులో తేడా ఉండదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అంచున 2010లో తెరిచిన ట్రెయిల్ ఆఫ్ టైమ్ అనే నడకబాట దీనికో పరిష్కారం. అక్కడ ఒక్కో మీటరు పది లక్షల ఏళ్లు. నడుస్తూ పోతే ఆ కాలానికి చెందిన రాళ్లు దారి పక్కన నిలబెట్టి ఉంటాయి. ఆ బాట వేయడంలో సెమ్‌కెన్ పాత్ర కూడా ఉంది. గండికోటను 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అని పోస్టర్ల మీద వేసుకోవడం మనకు అలవాటైంది. పోలిక తెచ్చుకున్నవాళ్లం ఆ బాట ఆలోచన కూడా తెచ్చుకుని ఉంటే బాగుండేది.

అదే కొలతతో మన నేల మీద ఒక బాట వేస్తే లెక్క ఇలా వస్తుంది. మొదలు ఈ రోజు. అర మిల్లీమీటరు వెనక్కి వెళ్తే శ్రీకృష్ణదేవరాయలు. ఏడు సెంటీమీటర్ల దగ్గర జ్వాలాపురం బూడిద. 66 మీటర్లకు డైనోసార్లు అంతరించిన కాలం. 1.1 కిలోమీటర్ల దగ్గర వజ్రకరూరు కింబర్లైట్లు, అంటే భూమి లోతుల్లోంచి వజ్రాలను పైకి తెచ్చిన రాళ్లు. 1.9 కిలోమీటర్లకు కాస్త ఇవతల పులివెందుల దగ్గర పొరల మధ్యకు చొరబడి గడ్డకట్టిన శిలాద్రవం (మాగ్మా). దాని వయసు 188.5 కోట్ల ఏళ్లని కొలిచారు. అది చొరబడిన పొరలు అంతకంటే పాతవే కావాలి కదా అని పిల్లలు తామే తేల్చగలరు. రెండున్నర కిలోమీటర్లకు అనంతపురం గుండ్రాళ్లు. నాలుగున్నరకు భూమి పుట్టుక. పోలీస్ గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టి కూడా ఈ పాఠం చెప్పొచ్చు.

జ్వాలాపురం దగ్గర కాస్త ఆగాలి. బనగానపల్లె ప్రాంతంలో జుర్రేరు లోయలో ఉన్న ఈ ఊళ్లో తెల్లటి మెత్తని బూడిద పొర ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కింద సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణించి ఇక్కడ రాలింది. నేరుగా రాలింది కొద్ది సెంటీమీటర్లే. చుట్టూ వాలుల మీద పడింది వానలకు కొట్టుకొచ్చి పల్లంలో మందంగా పేరుకుంది. 2007లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని, రెండింటికీ పోలిక ఉందని చెప్పింది. అంత పెద్ద విపత్తు తర్వాత కూడా మనుషులు ఇక్కడ బతికి ఉండవచ్చన్నది దాని సారం. దాని మీద వాదోపవాదాలు తర్వాత కూడా సాగాయి. ఊళ్లోవాళ్లకు అది చాలాకాలం తవ్వి అమ్ముకునే తెల్లమట్టి.

సొంత ఊరి పాఠం ఊరి దగ్గరే ఆగిపోతుందన్న విమర్శకు జవాబు కూడా జ్వాలాపురంలో ఉంది. విమర్శ నిజానికి సబబైనదే. మన దగ్గర మంచుకొండలు లేవు, మండే అగ్నిపర్వతాలు లేవు. ఊరి రాయే చాలనుకుంటే పిల్లలకు సగం భూగోళం అందదు. అందుకే ఊరి నుంచి బయటికి పోయే దారులు వెతకాలి. జుర్రేరు నుంచి సుమత్రాకు దారి ఉంది. తొలకరి వానకు తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో తలలు వంచుకుని వెతికే జనం దగ్గర్నుంచి భూమి లోపల 150 కిలోమీటర్ల లోతుకు దారి ఉంది, వజ్రం పుట్టేది అక్కడే కాబట్టి. వాన పడ్డాకే ఎందుకు వెతుకుతారంటే మెత్తటి మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలుతాయి. నదులు ఇసుకను, గులకరాళ్లను వేరు చేసే సూత్రం కూడా అదే. మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్, సైజుకు మించిన బరువుతో చేతికి వింతగా తగులుతుంది. ఆ బరువు వల్లే దాన్ని పొడి చేసి ప్రపంచమంతా చమురు బావుల తవ్వకంలో వాడతారు.

రాయి కూడు పెడుతుంది, దుమ్మూ ఇస్తుంది

ఈ బోధన గురించి ముచ్చటగా రాసేవాళ్లు తరచూ దాటేసే విషయం ఒకటుంది. ఊరి రాయి అందరికీ ముద్దొచ్చే వస్తువు కాదు. బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టూ రోడ్ల వెంట నాపరాయి ముక్కల గుట్టలు, పాలిష్ మిషన్ల బురద దిబ్బలు ఉంటాయి. క్లాసులో సగం మంది తల్లిదండ్రులు ఆ క్వారీల్లోనో, ఫ్యాక్టరీల్లోనో, సిమెంటు కంపెనీల్లోనో పని చేస్తుంటారు. రాతిదుమ్ముకు దగ్గే నాన్న ఉన్న పిల్లకు 'మన నేల గొప్పదనం' అనే పాఠం సగమే నిజం. పులివెందుల వైపు ఒకప్పుడు రాతినార (ఆస్బెస్టాస్) గనులు నడిచాయి. తుమ్మలపల్లె దగ్గర యురేనియం గని ఇప్పుడు నడుస్తోంది. ఆ యురేనియం ఉన్నది వేంపల్లె డోలమైట్‌లోనే. గని వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు పాడవుతున్నాయని చుట్టుపక్కల రైతులు ఆందోళన చేశారు, అధికారులు కాదన్నారు. ఇలాంటిచోట ఉపాధ్యాయుడు పక్షం తీసుకోనక్కర్లేదు, మౌనంగానూ ఉండనక్కర్లేదు. నీళ్లు రాతిలో ఎటు పారతాయి, నమూనా ఎలా తీయాలి, ఒక రిపోర్టులో ఏ అంకె చూడాలి అన్నవి నేర్పితే చాలు.

వరదల పాఠం ఇంకా సున్నితం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసే చోట కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ ఊళ్లు కొట్టుకుపోయాయి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. నది తన పాత దారిని ఎలా వెతుక్కుంటుందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన చోట్లు దొరకవు. కానీ ఆ క్లాసులో ఇంట్లోవాళ్లను పోగొట్టుకున్న పిల్లలు ఉండొచ్చు. ఏ ఊళ్లో ఏ పాఠం ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నది ట్రైనింగ్ మాడ్యూల్ చెప్పలేదు. ఆ ఊళ్లో ఉండే టీచరుకే తెలియాలి.

చిక్కు ఏమిటంటే ఆ టీచరుకు రాళ్లు ఎవరూ నేర్పలేదు. బడిలో భూగోళం సోషల్‌లో భాగం, చెప్పే సార్ చాలాసార్లు చరిత్రో అర్థశాస్త్రమో చదివినవారు. ఎంపీసీ, బైపీసీలో భూగర్భ శాస్త్రానికి చోటు లేదు. కడపలో యోగి వేమన యూనివర్సిటీలో భూవిజ్ఞానం చదివిన పిల్లలు ఏటా బయటికి వస్తున్నారు. వాళ్లకూ హైస్కూళ్లకూ మధ్య పద్ధతి ప్రకారం సంబంధం పెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. క్వారీల దగ్గరికి పిల్లలను తీసుకెళ్లాలంటే హెచ్‌ఎంలు భయపడతారు, ఆ భయం న్యాయమైనదే. నీళ్లు నిండిన పాత క్వారీ గుంతలు ప్రాణాలు తీసిన సందర్భాలు ఉన్నాయి. కానీ బడి అరుగు, బోరు బండి, బస్సు కిటికీ, ఊరి చెరువు కట్ట వీటికి అనుమతులు పెద్దగా అక్కర్లేదు.

2020 జాతీయ విద్యావిధానం స్థానిక సందర్భానికి పెద్దపీట వేయాలని రాసింది. పరీక్ష పేపరు మాత్రం ఇంకా 'అవక్షేప శిలలు అనగానేమి?' అనే అడుగుతుంది. మీ బడి మెట్టు రాయి ఏ రకమో ఏ రెండు పరీక్షలతో చెబుతావు అని అడిగితే గైడులో జవాబు ఉండదు, దిద్దేవాళ్లకూ కాస్త పని పెరుగుతుంది. రాష్ట్రమంతటికీ ఒకే పేపరు కాబట్టి ఊరికో ప్రశ్న కుదరదంటారు. కోనసీమ పిల్లవాడు గోదావరి ఒండ్రు గురించి, ఆదోని పిల్లవాడు నల్లరేగడి గురించి రాసినా, దిద్దాల్సింది ఆధారం చూపిన తీరే కాబట్టి ఒకే ప్రశ్న సరిపోతుంది.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది రిజిస్టరు సంగతి. వానమాపకం అంకెలు, బోరు పొట్లాలు, నీటిమట్టాలు ఒక్క ఏడాదివి ఉంటే అది ప్రాజెక్టు, చార్టు మీద అంటించి మర్చిపోతారు. పదేళ్లవి ఉంటే ఊరికి పనికొస్తాయి. ప్రస్తుతం ఆసక్తి ఉన్న సార్‌కు ట్రాన్స్‌ఫర్ కాగానే ఆ పుస్తకం బీరువా అడుగుకు చేరుతుంది. హాజరు పట్టీ, మధ్యాహ్న భోజనం లెక్క ఎవరు మారినా ఆగవు, ఎందుకంటే వాటిని అడిగేవాళ్లున్నారు. వాన లెక్కను ప్రతి రబీ ముందు గ్రామసభలో పిల్లలే చదివి వినిపించాలని ఒక్క పంచాయతీ తీర్మానం చేసినా చాలు, ఆ రిజిస్టరును అడిగేవాళ్లు పుడతారు.